ఇరవై అయిదో వంతు కారు: కుదించుకుపోయేవి, కుదించుకుపోనివి

ప్లాస్టిక్ స్కేల్ మోడల్ కారు అంటే, అసలు కారు కొలతలన్నిటినీ ఒకే నిష్పత్తిలో కుదించి, ఆ భాగాలను విడివిడిగా అచ్చు పోసి, పెట్టెలో సర్ది అమ్మే నమూనా. కొన్నవారే ఆ భాగాలను కత్తిరించుకొని, నునుపు చేసుకొని, అతికించి, రంగు వేసి దానిని కారుగా నిలబెట్టుకోవాలి. అమెరికన్ కిట్లలో 1/25, జపాన్ కిట్లలో 1/24 నిష్పత్తి ఎక్కువగా కనిపిస్తుంది. పెట్టెలోని సూచనల కాగితం చెప్పినట్టు కూర్చడం ఒక పని. పైకప్పు కిందికి దిగి, పొట్ట నేలకు ఆనుతున్నట్టుండి, కంపెనీ చిహ్నాలన్నీ మాయమైన 'కస్టమ్' కారును అదే ప్లాస్టిక్ నుంచి రాబట్టడం పూర్తిగా వేరే పని. ఈ రెండో పని ఎందుకంత కష్టమో తెలియాలంటే మొదట ఒక సంగతి గ్రహించాలి. నిష్పత్తి ప్రకారం తగ్గేది ఆకారం ఒక్కటే. ప్లాస్టిక్ మందం ఆ లెక్కన తగ్గదు, రంగు పూత మందం తగ్గదు, రంపపు బ్లేడు మందం తగ్గదు, గాలిలోని దుమ్ము రేణువూ తగ్గదు. మోడల్ మీద ఒక మిల్లీమీటరు తేడా వస్తే అది అసలు కారు మీద రెండున్నర సెంటీమీటర్ల తేడాతో సమానం. కస్టమ్ మోడల్ కట్టేవారిని ఇబ్బంది పెట్టే చిక్కుల్లో చాలా భాగం ఈ అసమానత నుంచే పుడతాయి.

కారును మార్చి కట్టుకునే ఆలోచనను కిట్ల పెట్టెల్లోకి తెచ్చిన సంస్థల్లో మిషిగన్ రాష్ట్రంలోని ఏఎంటీ ముఖ్యమైనది. మొదట్లో అది కార్ల డీలర్లు ప్రచారానికి వాడుకునే చిన్న నమూనాలను తయారుచేసేది. 1958లో ఆ అనుభవంతోనే 'త్రీ ఇన్ వన్' కిట్లను బజారులోకి తెచ్చింది. ఒకే పెట్టెలోని భాగాలతో కారును షోరూములో ఉన్నట్టుగానో, కస్టమ్ కారుగానో, పందెం కారుగానో కట్టుకునే వీలు వాటిలో ఉండేది. అప్పటికే దక్షిణ కాలిఫోర్నియాలో కుర్రకారు పాత కార్లను కొని, షెడ్లలో కోసి, వెల్డింగు చేసి కొత్త రూపాలు ఇస్తుండేది. ఆ విద్యలో పేరు మోసిన జార్జ్ బారిస్ వంటివారు కిట్ కంపెనీలకు సలహాదారులుగా కూడా పనిచేశారు. 1966లో టీవీలో మొదలైన 'బ్యాట్‌మన్' ధారావాహిక కోసం లింకన్ ఫ్యూచురా అనే ప్రదర్శన కారును బ్యాట్‌మొబైల్‌గా మార్చినది ఈ బారిసే. ఆ షెడ్ల పరిభాష అంతా మోడల్ కట్టేవారికి యథాతథంగా సంక్రమించింది. కిటికీ స్తంభాలను పొట్టి చేసి పైకప్పును దించడం 'చాప్', బాడీ మొత్తాన్ని చాసిస్ మీదుగా కిందికి దించడం 'చానెల్', బాడీ నడుము నుంచి అడ్డంగా ఒక పట్టీ తీసేసి ఎత్తు తగ్గించడం 'సెక్షన్', తలుపు పిడులూ చిహ్నాలూ తీసి నున్నగా చేయడం 'షేవ్', దీపాలను బాడీలోకి లోతుగా పొదగడం 'ఫ్రెంచ్'. వీటన్నిటిలో చూసేవారి కంటికి మొదట ఆనేదీ, కట్టేవారిని అన్నిటికంటే ఎక్కువగా పరీక్షించేదీ చాప్.

కోయడానికి ముందు కిట్ స్వభావం తెలిసి ఉండాలి. కరిగిన పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ను గట్టి ఒత్తిడితో రెండు పలకల ఉక్కు అచ్చులోకి ఎక్కించి చల్లార్చినప్పుడు భాగాలు తయారవుతాయి; ఆ రెండు పలకలు కలిసే చోట ప్రతి భాగం మీదా సన్నని అచ్చు గీత మిగులుతుంది, అచ్చు అరిగిన కొద్దీ ఆ గీత నుంచి పల్చటి రెక్కల్లాంటి ప్లాస్టిక్ పొడుచుకొస్తుంది, భాగాన్ని బయటికి నెట్టిన పిన్నుల గుండ్రటి ముద్రలు లోపలి వైపు ఉంటాయి, ప్లాస్టిక్ దళసరిగా ఉన్న చోట చల్లారేటప్పుడు కుంచించుకుపోయి పైన చిన్న గుంట పడుతుంది. దశాబ్దాల నాటి అచ్చుల నుంచి మళ్లీ మళ్లీ తీసిన కిట్లలో ఇవన్నీ ఎక్కువ. కొన్ని కిట్లయితే పుట్టుకతోనే మొండివి: 1960ల తొలి ఏళ్లలో రెవెల్ సంస్థ తలుపులు, బానెట్, డిక్కీ తెరుచుకునేలా బాడీని అనేక ముక్కలుగా ఇచ్చిన కిట్లు, వాటిలో ముఖ్యంగా 1957 షెవర్లే బెల్ ఎయిర్, ఈ విషయంలో ప్రసిద్ధికెక్కాయి. ముక్కల సంఖ్య పెరిగిన కొద్దీ ఒక్కో అతుకు దగ్గర వచ్చే స్వల్పమైన తేడాలు కూడుకుంటూ పోయి, చివరి తలుపు దాని సందులో పట్టని పరిస్థితి వస్తుంది. అందుకే ఆ కిట్లలో ఆరితేరినవారు బాడీ ముక్కలన్నిటినీ ముందు జిగురు లేకుండా టేపుతో బిగించి చూసి, తలుపులు తెరుచుకోవాలన్న కోరికను చాలాసార్లు వదులుకొని, వాటిని మూసిన స్థితిలోనే అతికించి బాడీని ఒకే ముద్దగా చేసిన తరువాత మిగతా పని మొదలుపెడతారు. తెరుచుకునే తలుపు చూడముచ్చటగా ఉంటుందన్నది నిజమే కాని, అసలు కారులో సుమారు ఒక మిల్లీమీటరు ఉండే రేకు మందం మోడల్‌లో కూడా ఒక మిల్లీమీటరుకు పైగానే ఉంటుంది. తెరిచిన తలుపు అంచు గోడంత మందంగా కనిపించి కారు భ్రమను చెడగొడుతుంది. మూసిన తలుపునే ఎంచుకోవడం చేతకానితనం కాదు, మంచి నిర్ణయం.

చాప్ చేయడానికి కస్టమ్ ప్రపంచం మొదటి నుంచీ మక్కువ పడిన కారు 1949 నుంచి 1951 వరకు వచ్చిన మెర్క్యురీ. ఏఎంటీ తెచ్చిన 1/25 మెర్క్యురీ కిట్ కూడా అందుకే ఈ పనికి ఎక్కువమంది చేతుల్లో పడింది. అసలు కారు చక్రాల నడిమి దూరం 118 అంగుళాలు, అంటే దాదాపు మూడు మీటర్లు. 1/25లో అది పన్నెండు సెంటీమీటర్లు. గుండ్రటి భుజాలు, ఎత్తయిన నడుము గీత, దాని మీద టోపీలా కూర్చున్న పైకప్పు ఉన్న ఈ కారు, పైకప్పు దించగానే పూర్తిగా మరో స్వభావం సంతరించుకుంటుంది. జార్జ్, శామ్ బారిస్ సోదరుల షెడ్డులో బాబ్ హిరోహాటా అనే యువకుడి కోసం 1951 మెర్క్యురీని మార్చి కట్టి, 1952లో ప్రదర్శించిన 'హిరోహాటా మెర్క్' ఈ రూపానికి ప్రామాణికమైంది. దాని పైకప్పును ముందు నాలుగు అంగుళాలు, వెనుక ఏడు అంగుళాలు దించారు. తలుపుకూ వెనుక పక్క కిటికీకీ నడుమ ఉండే స్తంభాన్ని పూర్తిగా తీసేశారు. 1/25లో ఆ కొలతలు ముందు నాలుగు మిల్లీమీటర్లు, వెనుక ఏడు మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెల తేడాలోనే అందం దాగి ఉంది: ముందూ వెనుకా సమానంగా దించిన పైకప్పు నొక్కేసిన పెట్టెలా కనిపిస్తుంది, వెనక్కి పోనుపోను మరింత దిగిన పైకప్పు మాత్రం ముందు అద్దం నుంచి డిక్కీ దాకా ఒకే ప్రవాహంలా సాగుతుంది.

నాలుగు మిల్లీమీటర్ల పట్టీని స్తంభాల నుంచి తీసేసి పైకప్పును కిందికి దించితే సరిపోతుందని మొదటిసారి చూసేవారికి అనిపించడం సహజం. అలా దించి చూస్తే స్తంభాలు కలవవు. ముందు అద్దపు స్తంభం పైకి పోయేకొద్దీ వెనక్కి వాలుతుంది, వెనుక అద్దం పైకి పోయేకొద్దీ ముందుకు వాలుతుంది. అంటే క్యాబిన్ కింద పొడవుగానూ పైన పొట్టిగానూ ఉంటుంది. నడుమ నుంచి ఒక పొర తీసేసినప్పుడు, కింద మిగిలిన మొండి స్తంభాల మధ్య దూరం, పైకప్పుకు అంటుకొని వచ్చిన మొండి స్తంభాల మధ్య దూరం కంటే ఎక్కువ. స్తంభం నిలువు నుంచి 45 డిగ్రీలు వాలి ఉన్నట్టయితే నాలుగు మిల్లీమీటర్లు దించినప్పుడు అడ్డంగా కూడా సరిగ్గా నాలుగు మిల్లీమీటర్ల ఎడం వస్తుంది. 30 డిగ్రీలే వాలి ఉంటే ఎడం రెండు మిల్లీమీటర్లకు కొంచెం పైన ఉంటుంది. ఇది ఒక్క దిశలో వచ్చే చిక్కు. పక్క కిటికీలు కూడా పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి గనుక, పైకప్పు పొడవులోనే కాక వెడల్పులో కూడా చాలదు. లోహపు కారుకైనా, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ కారుకైనా ఈ జ్యామితి ఒకటే. శామ్ బారిస్ రేకు మీద ఎదుర్కొన్న ప్రశ్ననే మోడల్ కట్టేవారు బల్ల మీద ఎదుర్కొంటారు.

దీనికి జవాబులు రెండు రకాలు. మొదటిది, పైకప్పును పైనుంచి చూసినప్పుడు కూడిక గుర్తులా కనిపించేటట్టు పొడవునా అడ్డంగానూ కోసి నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను దాని మూలలో ఉన్న స్తంభం మీద సరిగ్గా కూర్చోబెట్టి, నడుమ మిగిలిన సందును ప్లాస్టిక్ రేకు పట్టీలతో పూడ్చడం. రెండోది మెర్క్యురీ వంటి వాలు వీపు కార్లకు మరింత అందంగా నప్పుతుంది: వెనుక అద్దం చుట్టూ ఉన్న పలకను పైకప్పు నుంచి వేరు చేసి, దాని కింది అంచును మడతబందులా ఉంచి ముందుకు వాల్చడం. ముందుకు వాలిన పలక పై అంచు దానంతట అదే కిందికి దిగుతుంది, అదే సమయంలో ముందుకు జరిగి పైకప్పుతో వచ్చిన ఎడాన్ని కూడా మూస్తుంది. అద్దం ఎత్తును కోయనక్కరలేదు, పైకప్పును పొడిగించనక్కరా లేదు. ఒక్క కదలికతో రెండు దోషాలు తీరే ఇలాంటి పరిష్కారం చూసినప్పుడు, ఆ షెడ్లలో ఇంజనీరింగ్ డిగ్రీ లేకుండానే ఎంత జ్యామితి నడిచిందో అర్థమవుతుంది.

కోత దగ్గర పాటించే జాగ్రత్తలు చిన్నవే గాని వాటిలో ఏదీ విడువరానిది. పైకప్పు తెగగానే బాడీ పక్కలు తమ బిగువు కోల్పోయి బయటికి విచ్చుకుంటాయి కాబట్టి, భాగాలు వేలాడుతూ వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి కడ్డీ ముక్కలు కోసి, వాటిని బాడీ లోపల ఈ పక్క నుంచి ఆ పక్కకు దూలాల్లా తాత్కాలికంగా అతికించాలి. తరువాత మాస్కింగ్ టేపును తీసేయవలసిన వెడల్పుకే కత్తిరించి, అంటే ముందు స్తంభాల మీదికి నాలుగు మిల్లీమీటర్లు, వెనక్కి పోయేకొద్దీ ఏడుకు పెరిగేట్టు, రెండు పక్కలా ఒకే ఎత్తులో అంటించాలి. బాడీని చదునైన అద్దం పలక మీద నిలిపి, పలక నుంచి టేపు అంచు దాకా రెండు వైపులా కొలిచి చూస్తే తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది. రంపపు బ్లేడు పావు మిల్లీమీటరు మందం ఉన్నా అది తినేసే ప్లాస్టిక్ అసలు కారు మీద ఆరు మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది; అందువల్ల గీత మీద కాకుండా, పారవేసే పట్టీ వైపు టేపు మీదనే కోసి, మిగిలిన కొద్దిపాటి ప్లాస్టిక్‌ను ఆకురాయితో గీత దాకా అరగదీయాలి. బరువుతో నొక్కకుండా రంపాన్ని దాని పళ్ల పదునుకే వదిలిపెట్టి కోయడం తప్పనిసరి. రెండు మిల్లీమీటర్ల మందం లేని ముందు స్తంభం తొందరపడితే కోత గీత దగ్గర కాక తనకు తోచిన చోట విరుగుతుంది.

అతుకు దగ్గరికి వచ్చేసరికి ప్లాస్టిక్ స్వభావం మళ్లీ ముందుకొస్తుంది. మోడల్ కట్టేవారు వాడే పల్చటి జిగురు నిజానికి జిగురు కాదు, పాలిస్టైరీన్‌ను కరిగించే ద్రావకం. కుంచెతో అతుకు అంచున తాకించగానే అది సందులోకి తనంతట తానే పాకి, రెండు ముక్కల అంచులనూ కరిగించి కలిపేస్తుంది, ఆపైన ఆవిరైపోతుంది. ఈ రకమైన అతుకు వెల్డింగు వంటిది, ఎంతో గట్టిది. అయినా స్తంభం వంటి సన్నని చోట రెండు మొండెలలోనూ రంధ్రం పెట్టి అర మిల్లీమీటరు ఇత్తడి తీగ ముక్కను లోపల దూర్చితే తరువాతి రాపిడికి తట్టుకుంటుంది. సందులు పూడ్చడానికి వాడే పుట్టీ విషయంలో మాత్రం మరింత ఆలోచన కావాలి. కారు షెడ్లలోనూ ఆటో పెయింటు దుకాణాల్లోనూ దొరికే ఎన్‌సీ పుట్టీ గీతలకు, సూది రంధ్రాలకు చక్కగా పనికొస్తుంది, కాని దానిలోని ద్రావకం ఆవిరైన కొద్దీ అది కుంచించుకుపోతుంది. మందంగా పెడితే కింది ప్లాస్టిక్‌ను కూడా మెత్తబరుస్తుంది. పెద్ద సందుకు రెండు పాళ్లు కలిపే ఎపాక్సీ పుట్టీ మేలు. అంతకంటే మేలైన పద్ధతి ఒకటుంది: కిట్ చట్రపు ముక్కలనే ద్రావకపు సీసాలో వేసి కరిగించి, చిక్కటి లేహ్యంగా చేసి సందులో నింపడం. ఆరిన తరువాత అది బాడీ ప్లాస్టిక్‌తో ఒకే గట్టిదనంతో ఉంటుంది గనుక వాటర్ పేపర్ కింద రెండూ ఒకే వేగంతో అరుగుతాయి. ప్లాస్టిక్ కంటే గట్టిదైన పూరకం వాడితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ముందు అరిగి, అతుకు దగ్గర కంటికి తెలియని మిట్ట మిగులుతుంది, నిగనిగలాడే రంగు వేసిన తరువాత దానిలో ప్రతిబింబం వంకర తిరిగి ఆ మిట్టను చాటిచెబుతుంది.

అరగదీసి నునుపు చేసిన అతుకు కొన్ని వారాల తరువాత రంగు కింద సన్నని గీతగా మళ్లీ తేలడం ఈ విద్యలో అందరినీ బాధించే విషయం. లోపల చిక్కుకున్న ద్రావకం నెమ్మదిగా బయటికి పోతూ అతుకు దగ్గర ప్లాస్టిక్‌ను కుంగదీయడమే దీనికి కారణం. అతికించిన బాడీని ఒకటి రెండు రోజులు కాక వారాల పాటు పక్కన పెట్టి, ఆ తరువాతే చివరి రాపిడి చేసేవారి కార్ల మీద ఈ గీత అరుదుగా కనిపిస్తుంది. ఈ పనిలో ఓపిక అంటే గుణవర్ణన కాదు, రసాయన చర్య అడిగే గడువు.

పూత దగ్గరే నిష్పత్తి అసమానత అన్నిటికంటే స్పష్టంగా దెబ్బతీస్తుంది. ప్రైమర్, రంగు, పైన మెరుపు వార్నిష్ కలిపి మోడల్ మీద పదోవంతు మిల్లీమీటరు మందం చేరితే, అది అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల పూతతో సమానం. అంత మందం పూత ఏ కారుకూ ఉండదు. తలుపు చుట్టూ ఉండే సందు గీత అసలు కారులో సుమారు అయిదు మిల్లీమీటర్లయితే మోడల్‌లో అయిదోవంతు మిల్లీమీటరు. ఆ సన్నని గాడి రెండు గోడలకూ పదోవంతు చొప్పున రంగు పట్టిందా, గాడి పూర్తిగా మూసుకుపోతుంది. అందువల్ల రంగుకు ముందే ఆ గీతలను సూది మొన పనిముట్టుతో మరింత లోతు చేయాలి. వెడల్పు పెంచితే తలుపు సందు నోరు తెరిచినట్టు కనిపిస్తుంది కాబట్టి లోతు మాత్రమే పెంచాలి. మెటాలిక్ రంగులదీ ఇదే సమస్య: కారు షెడ్డులోని రంగులో ఉండే లోహపు పొలుకులు 1/25 మీద చిల్లర నాణేల్లా మెరుస్తాయి, అందుకే మోడళ్ల కోసం చాలా సన్నగా నూరిన పొలుకుల రంగులు వేరుగా తయారవుతాయి. పూతలు పల్చగా, ఎక్కువసార్లు, ఎయిర్‌బ్రష్‌తో పడాలి. ఎయిర్‌బ్రష్ అంటే ఒత్తిడి గాలితో రంగును మంచు తుంపరలా చిమ్మే పెన్నంత పనిముట్టు. ప్రైమర్ బూడిద రంగులో వేయడానికీ ఒక కారణం ఉంది: రంగురంగుల పుట్టీలు, ప్లాస్టిక్ కలిసి ఉన్న బాడీ మీద కనిపించని గీతలూ మిట్టపల్లాలూ ఒకే బూడిద రంగు కింద తేటతెల్లమవుతాయి.

తేమ విషయం తెలుగు ప్రాంతాల్లో ఈ పని చేసేవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. లాకర్ రంగులోని ద్రావకం త్వరగా ఆవిరవుతూ బాడీ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. విశాఖ, కాకినాడ వంటి కోస్తా ఊళ్లలో ముసురు పట్టిన రోజున గాలిలోని తేమ ఆ చల్లదనానికి రంగు మీద సన్నని నీటిపొరగా చేరి, మెరవవలసిన రంగు పాలు విరిగినట్టు తెల్లబారిపోతుంది. నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నర్ కొంత కలిపితే ఈ బెడద తగ్గుతుంది, అయితే తేమ మరీ ఎక్కువగా ఉన్న రోజున ఆ పని మానుకోవడమే సరైన పద్ధతి. ద్రావకాల ఆవిరి, పుట్టీ దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తాయి కనుక గాలి ఆడే గదిలో తగిన మాస్కు పెట్టుకొని పని చేయాలనీ, దుమ్ము లేవకుండా తడి పేపరుతోనే అరగదీయాలనీ వేరుగా చెప్పనక్కరలేదు.

క్రోము భాగాల సంగతి కొంత క్లుప్తంగానే చెప్పవచ్చు. కిట్‌లో తళతళలాడుతూ వచ్చే బంపర్లు, గ్రిల్ నిజానికి శూన్య పాత్రలో అల్యూమినియం ఆవిరి పట్టించిన ప్లాస్టిక్ భాగాలు. అచ్చు గీత ఆ మెరుపు కిందే ఉండిపోతుంది. ఇంట్లో వాడే బ్లీచ్ ద్రవంలో వేస్తే అల్యూమినియం కరిగిపోతుంది, అప్పుడు గీతను అరగదీసి మళ్లీ కొత్త పూత వేసుకోవచ్చు. కిటికీ అంచులకూ పక్క పట్టీలకూ అతి పల్చటి లోహపు రేకును అంటించి, మొనదేలిన కత్తితో అంచు కోసి తీసేసే పద్ధతి రంగు కంటే నమ్మదగ్గది. ఇక కారును నేలకు దించడానికి ఇరుసులను ఎత్తులో మార్చేటప్పుడు చక్రం తిరిగే గూటిలో ఖాళీ ఉందో లేదో, స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం రెక్కకు తగులుతుందో లేదో బాడీకి రంగు వేయకముందే చూసుకోవాలి; రంగు వేసిన తరువాత తెలిస్తే సరిదిద్దడానికి దారి ఉండదు.

పైకప్పు దిగినందువల్ల పడే చివరి భారం అద్దాల మీద పడుతుంది. కిట్‌లో వచ్చిన పారదర్శక భాగాలలో ఒక్కటీ ఇప్పుడు సరిపోదు. ముందు అద్దం ఎత్తు తగ్గింది, వెనుక అద్దం వాలు మారింది, నడుమ స్తంభం తీసేసి ఉంటే పక్క కిటికీ ఆకారమే వేరు. కాబట్టి బాడీకి రంగు వేయకముందే గట్టి కాగితం మీద కిటికీల మూసలు కోసి పెట్టుకొని, రంగంతా ఆరి గట్టిపడిన తరువాత పావు మిల్లీమీటరు మందపు పారదర్శక ప్లాస్టిక్ షీటును ఆ మూసల ప్రకారం కోయాలి. మెర్క్యురీ ముందు అద్దం నడుమ పట్టీతో రెండుగా ఉండడం ఇక్కడ కట్టేవారికి కలిసొస్తుంది: రెండు చిన్న ముక్కలను విడివిడిగా కొద్దిగా వంచి కూర్చోబెట్టడం, ఒకే పెద్ద ముక్కను రెండు దిశల్లో వంచడం కంటే ఎంతో తేలిక. వెనుక అద్దం అలా లొంగదు; దాని వంపుకు సరిపడే చెక్క దిమ్మెను చెక్కి, వేడి చేసి మెత్తబరిచిన షీటును ఆ దిమ్మె మీద గాలి లాగే పెట్టెతో అంటించి ఆకారం పట్టించాలి. ఇవి అతికించేటప్పుడు ఫెవిక్విక్ వంటి జిగురు వాడితే దాని ఆవిరి అద్దం మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది, కిట్ ద్రావకం వాడితే పారదర్శకత పోతుంది. చెక్కకు వాడే తెల్ల జిగురే ఇక్కడ తగినది, ఆరాక అది కనిపించదు, అంచు దాటి వచ్చినది తడి గుడ్డతో పోతుంది, నచ్చకపోతే అద్దాన్ని రంగు చెడకుండా ఊడదీసి మళ్లీ పెట్టుకోవచ్చు.